డ్రాగన్ మెడ మీద చోటు

బిజినెస్ స్కూల్లో రెండేళ్ళు చదివి, మొదటి వరసలో నిలబడి పట్టా పుచ్చుకుని వచ్చిన అమ్మాయికి ఆఫీసులో అప్పగించే మొట్టమొదటి బాధ్యత ఏమిటంటే, మధ్యాహ్నం అందరికీ టీ తెప్పించడం. మా గాంగ్‌షాన్ ఊళ్ళో ఉన్న స్క్రూల ఫ్యాక్టరీల్లో ఎవరు కొత్తగా చేరితే వాళ్ళ నెత్తిన పడుతుంది ఈ పని. వినడానికి తేలికే. కానీ ఒకరికి పంచదార సగం, ఐసు తక్కువ. ఇంకొకరికి పంచదార నిండా ఉండాలి, ఐసు ముక్క కనబడకూడదు. లెక్కల విభాగంలో ఉన్నావిడకి గ్లాసు అడుగున సగ్గుబియ్యం ఉండలు కావాలి గానీ తీపి తగిలితే కోపం. ఒకరి గ్లాసు ఒకరికి పోయిందంటే జర్మనీకి వెళ్ళవలసిన పెట్టె జపానుకు వెళ్ళినంత రభస.

జియెన్ యీ-చున్‌కి ఆ పొరపాటు ఇంతవరకూ జరగలేదు. ఎగుమతుల విభాగంలో చేరి ఇంకా ఏడాది నిండలేదు, అప్పుడే ఎవరి నాలుక సంగతి ఏమిటో ఆమెకు కంఠతా వచ్చు. ఆ గురువారం కూడా స్కూటరుకు రెండు వైపులా సంచులు తగిలించుకుని వచ్చి, బల్లబల్లకీ తిరిగి గ్లాసులు పెడుతూ ఉంటే, ప్యాకింగ్ విభాగం నుంచి ఏదో పని మీద పైకి వచ్చిన ఆ-లాన్ అక్క ఆమె మోచేయి పట్టుకుని ఆపింది.

"ఏంటే ఇది? ఇంతలా కమిలిపోయింది?"

"డ్రాగన్ కొరికిందక్కా."

"కొరకదూ మరి! తెల్లారకుండానే లేచి దాని మెడ మీద పాకుతున్నావాయె. పసరు నూనె రాశావా?"

"రాశాను. పొద్దుట మీటింగులో నా పక్కన కూర్చున్నాయన ముక్కు మూసుకున్నాడు."

ఆ-లాన్ అక్క పకపకా నవ్వింది. నవ్వితే ఆమె భుజాలు కూడా నవ్వుతాయి. పగలంతా స్క్రూల పెట్టెలు ఎత్తీ ఎత్తీ గట్టిపడిన భుజాలు అవి. కంపెనీ పడవలో ముందు వరస తెడ్డు ఆమెదే.

ఆదివారం పడవల పండగ. కాలువ మీద పందెం. మా వైపు ఈ పందేనికి ఒక తిరకాసు ఉంది. ఏ పడవ ముందు గీత దాటిందన్నది ఎవరికీ అక్కర్లేదు. గీత దగ్గర ఒక్కొక్క బాటలో ఒక్కొక్క డబ్బా నీళ్ళ మీద తేలుతుంటుంది. దానికి వెదురు గొట్టం, గొట్టంలో చిన్న ఎర్ర జెండా. పడవ మొనకు చెక్కిన డ్రాగన్ మెడ మీద ఒక మనిషి బోర్లా పడుకుని, వేగంగా దూసుకుపోతూనే చెయ్యి చాచి ఆ జెండా పీకాలి. ఎవరు ముందు పీకితే వాళ్ళది గెలుపు. అందుకోలేకపోయారా, మిగిలినవాళ్ళు ప్రాణాలు పెట్టి తెడ్డు వేసినదంతా నీళ్ళపాలు.

ఆ మెడ మీద చోటు యీ-చున్‌ది. మొదట్లో ఎవరూ గౌరవంతో ఇవ్వలేదు. బరువు తక్కువ, పడితే పడింది, కొత్తమ్మాయే కదా అని ఎక్కించారు. తొలి రోజుల్లో ఆమె జెండా పట్టుకున్న దానికంటే కాలువ నీళ్ళు తాగిందే ఎక్కువ. కానీ తర్వాత తర్వాత ఏదో పట్టు దొరికింది. ఎడమ చేత్తో డ్రాగన్ కొమ్ము వాటేసుకుని, గడ్డం దాని నెత్తికి ఆనించి, పక్క పడవ వైపు గానీ ఒడ్డు వైపు గానీ కన్ను తిప్పకుండా, జెండా కర్ర గొట్టంలోకి దిగే చోటునే చూడాలి. కర్రని పక్కకి లాగితే బిగుసుకుంటుంది. నిలువుగా, అన్నంలో గుచ్చిన తినే పుల్లని తీసినట్టు తీయాలి. చెక్క పొలుసులు పక్కటెముకలకు గీరుకుపోయేవి. అయినా ఆమెకు తెల్లవారడం కోసం ఎదురుచూడటం అలవాటైంది. పగలంతా చేసే ఏ పనికైనా పైన ఇంకొకరి సంతకం కావాలి. ఇది మాత్రం చెయ్యి మూస్తే వచ్చేది, మూయకపోతే పోయేది.

శుక్రవారం నాడు ఎగుమతుల మేనేజరు కో షిన్-మింగ్ గారితో కలిసి ఆమె రాజధాని తైపే వెళ్ళింది. ఒక జర్మన్ కొనుగోలుదారు అక్కడికి వచ్చి ఉన్నాడు. పై అంతస్తులో అద్దాల గది, కింద వర్షంలో గొడుగులు. ఆయన అడిగిన వాటికి యీ-చున్ జవాబులు చెబుతుంటే, మేనేజరు గారు ప్రతి జవాబు చివర "నేననేది కూడా అదే" అని చేర్చారు. పని అయ్యాక ఆ జర్మన్, సెలవు రోజుల్లో మీరు ఏం చేస్తారమ్మా అని మర్యాదకు అడిగాడు. ఆమె డ్రాగన్ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ కుర్చీలోంచి ముందుకు వంగి, చెయ్యి చాచి, బల్ల మీద ఉన్న పెన్ను లాగి చూపించింది. ఆ పెద్దమనిషి కళ్ళు వెలిగిపోయాయి. ఆదివారం నేనూ వస్తాను, చూడాల్సిందే అన్నాడు.

తిరుగు రైల్లో ఇద్దరూ అన్నం డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మేనేజరు గారు అంతకుముందే రెండు బోగీల మధ్య నిలబడి చాలాసేపు ఫోను మాట్లాడి వచ్చారు. డబ్బా మూత తీసి, మాంసం ముక్క అటూ ఇటూ తిప్పి, అప్పుడు మొదలుపెట్టారు.

"ఛైర్మన్ గారితో మాట్లాడానమ్మా. జర్మన్ ఆయన వస్తున్నాడంటే తనూ వస్తానన్నారు. పేపరువాళ్ళని కూడా పిలిపిస్తారట."

"మంచిదే కద సార్."

"మంచిదే. అందుకే చెప్తున్నా. పడవ మొన అంటే కంపెనీ మొహం. ఫోటోలన్నీ అక్కడే తీస్తారు. అక్కడ మేనేజరు స్థాయి మనిషి ఉంటే బాగుంటుంది. కాబట్టి ఆదివారం నేను ఎక్కుతాను."

యీ-చున్ తినే పుల్లలు డబ్బా మీద పెట్టేసింది.

"అక్కడ నేనున్నాను కదా సార్."

"నిన్ను తీసేస్తున్నానని ఎవరన్నారు? నీకు డోలు ఇస్తున్నా. డోలంటే పడవకి గుండెకాయ. ఆలోచిస్తే ఇది ప్రమోషను."

"మీరెప్పుడైనా జెండా పీకారా సార్?"

"అమ్మాయ్, నేను సైన్యంలో చేసేనాటికి నువ్వింకా పుట్టలేదు. జెండా ఓ లెక్కా!"

మా దగ్గర ఇలాంటప్పుడు మాట్లాడే పద్ధతి ఒకటుంది. "మీ ఇష్టం సార్" అనాలి. లేదా "చూద్దాం లెండి" అని కిటికీలోంచి బయటకి చూడాలి. కోపమొస్తే ఇంటికి వెళ్ళి చెప్పుకోవాలి. యీ-చున్‌కి ఈ పద్ధతి తెలియక కాదు. కానీ ఒళ్ళు మండిపోయింది.

"ఆ చోటు నాది సార్," అంది. "నాకు కావాలి."

పక్క వరసలో జామకాయ కోసుకుంటున్న ముసలావిడ కత్తి ఆపి ఇటు తిరిగింది. మేనేజరు గారి చెవులు ఎర్రబడ్డాయి. అరిచి ఉంటే నయమే. ఆయన అరవలేదు. నవ్వి, తన డబ్బాలోని ఉడకబెట్టిన గుడ్డు పుల్లలతో తీసి ఆమె డబ్బాలో పెట్టారు.

"తిను, తిను. చిన్నదానివి. వచ్చే ఏడు చూద్దాం."

ఆ గుడ్డు యీ-చున్ తినలేదు. గాంగ్‌షాన్ చేరేదాకా డబ్బా మూత వేసి ఒళ్ళోనే పెట్టుకుంది. మేనేజరు గారు హాయిగా కునుకు తీశారు.

శనివారం పొద్దున్న ఆఖరి సాధన. కాలువ ఒడ్డున అందరూ నిలబడ్డాక మేనేజరు గారు కొత్త ఏర్పాటు చెప్పారు. కంపెనీ మొహం, గుండెకాయ, అన్నీ చెప్పారు. తెడ్డు వేసేవాళ్ళు తమ చెప్పులకేసి చూసుకున్నారు. చుక్కాని పట్టే ఆ-థింగ్ బాబాయ్ గొంతు సవరించుకుని పక్కకి ఉమ్మేశాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆ-హో ఒక్కడే, "మేనేజరు గారు ఎక్కితే మొన కొంచెం వంగుతుందేమో, వెనకాల ఓ బస్తా ఇసుక వేద్దామా?" అన్నాడు. ఆ-లాన్ అక్క వాడి కాలు తొక్కింది.

యీ-చున్ వెళ్ళి డోలు ముందు కూర్చుంది. డోలు మొనకి దగ్గరలోనే ఉంటుంది. ఆమెకు ఎదురుగా తెడ్లవాళ్ళ మొహాలు, వీపు వెనక డ్రాగన్ మెడ.

మేనేజరు గారు కొత్త స్పోర్ట్స్ జోడు వేసుకుని మెడ మీదకి పాకారు. మొదటిసారి జెండా అందలేదు. ఎండ కళ్ళలో పడిందన్నారు. రెండోసారి కర్ర బిగుసుకుంది, గొట్టం సరిగ్గా లేదన్నారు. ఆ తర్వాత బాబాయ్ పడవను వంకరగా తోలాడన్నారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మా కాలువ మీద ఇంత వివరంగా ఎప్పుడూ వినబడలేదు. ఆఖరికి ఒకసారి బాబాయ్ పడవను దాదాపు ఆపేసి, జెండాని ఆయన ముక్కు కిందకి తెచ్చి నిలబెట్టాడు. మేనేజరు గారు పీకి పైకెత్తారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"చాలు. ఇవాళ్టికి ఇది చాలు," అని ఆయన వెంటనే దిగిపోయారు.

సాధన అయ్యాక యీ-చున్, ఆ-లాన్ అక్క వీధి మలుపులో బల్ల దగ్గర కూర్చుని వేడి సోయా పాలు తాగుతూ గుడ్డట్లు తిన్నారు.

"మింగెయ్యవే," అంది అక్క. "ఈ ఒక్క పూట మింగెయ్యి. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు నీకు."

"నేను అడిగేశానక్కా."

"ఏం అడిగావ్?"

"ఆ చోటు నాది, నాకు కావాలి అన్నాను. రైల్లో."

అక్క చేతిలోని అట్టు ముక్క గిన్నెలో పడింది. "ఆయన మొహం మీదే?"

"మొహం మీదే."

"ఏమన్నాడు?"

"గుడ్డు పెట్టాడు."

అక్కకి నవ్వు మొదలైంది. భుజాలు, పొట్ట, బల్ల, అన్నీ ఊగాయి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. "నా కూతురు పెళ్ళి ముందు రోజు సెలవు కావాలని అడగడానికి నోరు రాలేదే నాకు. మేనేజరు గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. పొద్దుటిదాకా పెట్టెలు కట్టి, అట్నుంచటే పెళ్ళికి వెళ్ళాను. నువ్వు రైల్లో, జనం మధ్యలో, అడిగావు!" అంది. ఇక మింగెయ్యమని మాత్రం అనలేదు. రెండు అట్ల డబ్బులూ తనే ఇచ్చి, స్కూటరెక్కి, దారిలో ఆ-హో ఇంటి ముందు ఆగింది.

ఆదివారం కాలువకు రెండు ఒడ్లా జనం. ఆకుల్లో కట్టి ఉడికించిన జిగురన్నం వాసన, అగరొత్తుల వాసన, ఎండకి కాగుతున్న టార్పాలిన్ల వాసన. ఛైర్మన్ గారు, జర్మన్ ఆయన పెద్ద టెంటు కింద ఊరి పెద్దలతో కూర్చున్నారు. మైకు దగ్గర గుడి కమిటీ పెద్దాయన. మేనేజరు గారు పొద్దున్నే వెళ్ళి రెండు చేతులా ఆయనకు తన కార్డు ఇచ్చి, మా పడవ జెండా నాదే, కాస్త గుర్తుంచుకోండి అని చెప్పి వచ్చారు.

తొలి పోటీ పక్క ఊరి సహకార బ్యాంకు వాళ్ళతో. బ్యాంకు వాళ్ళు మంచివాళ్ళు, తెడ్డు వేయడం మాత్రం రాదు. సగం దూరం వచ్చేసరికే మా పడవ ఒక పడవ పొడుగు ముందుంది. యీ-చున్ డోలు వాయిస్తోంది గానీ ఆమె చెవులు వీపు వెనకే ఉన్నాయి. జెండా దగ్గరపడుతుంటే మనిషి శ్వాస ఎలా మారుతుందో ఆమెకు తెలుసు. వెనకాల ఆ మార్పు వినబడలేదు. తల తిప్పి చూసింది.

మేనేజరు గారు ఒడ్డున కెమెరావైపు చూస్తున్నారు. గడ్డం ఎత్తి, పళ్ళు కనబడేలా. తర్వాత ఒక్కసారిగా జెండా గుర్తొచ్చి చెయ్యి చాచారు, అదీ ఎడమ పక్కకి, బ్యాంకు వాళ్ళ జెండా వైపు. పక్క బాట జెండా పీకితే పోటీలోంచే తీసేస్తారు. మా వైపు చిన్న పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు.

యీ-చున్ కర్రలు పడేసింది. ఒక్క గెంతుతో ఆయన వీపు ఎక్కి, నడుము మీద మోకాలు పెట్టి, ఎడమ చేత్తో ఆయన చాచిన చెయ్యిని డ్రాగన్ కొమ్ముకేసి అదిమిపట్టి, కుడి చేత్తో తమ జెండా నిలువుగా లాగింది. కింద మేనేజరు గారు "అమ్మో" అన్నారు. పడవ ఊగింది, ఆమె ఆయన వీపు మీంచి వెనక్కి జారింది. ఆ ఊపులో జెండా ఆమె చేతిలోంచి జారి ఆయన చేతిలో పడింది. ఆయన లేచి కూర్చుని, ఊపిరి తీసుకుని, దాన్ని పైకెత్తారు.

టెంటు దూరం. ఎండ నీళ్ళ మీద మెరుస్తోంది. ఛైర్మన్ గారికి కనబడింది ఒకటే, మొన మీద మేనేజరు, చేతిలో జెండా. పడవ ఒడ్డుకు చేరేసరికి ఆయన ఎదురొచ్చి, "ఈ వయసులో కూడా ఏం హుషారయ్యా నీది!" అని మేనేజరు భుజం తట్టారు. ఫోటో తీశారు. మేనేజరు గారు, "ఏదో, టీము కష్టం," అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది. తెడ్లవాళ్ళు వింటూనే ఉన్నారు.

యీ-చున్ కొంచెం దూరంగా మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగింది. ఏడుపు రాలేదు. చేతిలో ఆ కర్ర తగిలిన స్పర్శ ఇంకా ఉంది, అది మాత్రం ఎవరూ ఫోటో తీసి పట్టుకుపోలేరు. అయినా ఆమెకు కావలసింది అంత మాత్రమే కాదు. అందరి ముందూ కావాలి. ఆ సంగతి తనకు తాను ఒప్పుకోవడానికి ఆమె సిగ్గుపడలేదు.

మధ్యాహ్నం ఫైనలు, జాలర్ల సంఘంతో. పుట్టి బుద్ధెరిగాక తెడ్డు తప్ప పట్టనివాళ్ళు. ఎన్నో ఏళ్ళుగా కప్పు వాళ్ళ గుడిలోనే ఉంటోంది. పిలుపు వచ్చింది. మేనేజరు గారు చొక్కా సర్దుకుని ఒడ్డు దగ్గరకు వచ్చారు. తెడ్లు గోడకి ఆనించి ఉన్నాయి. ఎవరూ తీసుకోలేదు.

"పదండి, పదండి. ఏం చూస్తున్నారు?"

"సార్, నా చెయ్యి పట్టేసిందండీ," అంది ఆ-లాన్ అక్క. ఆమె చెయ్యి పట్టేయడం ఫ్యాక్టరీలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"నాకు పొద్దున్న తిన్న జిగురన్నం గుండెల్లోనే ఉందండీ," అన్నాడు ఆ-హో. గుండె చూపించబోయి పొట్ట చూపించాడు.

"నాకు ఎండకి తల తిరుగుతోంది."

"నాకు అరికాల్లో ముల్లు దిగిందండీ."

"మా ఆవిడ నన్ను ఇవాళ నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దంది సార్. జాతకంలో ఉందట."

ఆ-థింగ్ బాబాయ్ అన్నిటికంటే తీరిగ్గా వచ్చి, చుక్కాని కర్ర నేల మీద పెట్టి, దాని పక్కనే కూర్చున్నాడు. "నాకేం లేదు. వాళ్ళందరూ ఎక్కితే నేనూ ఎక్కుతా," అన్నాడు.

ఎవరూ యీ-చున్ పేరు ఎత్తలేదు. ఎవరూ ఆమె వైపు చూడను కూడా లేదు. మా వాళ్ళు ఎదుటి మనిషిని గోడకి ఆనించి నిలదీయరు. దిగిరావడానికి ఓ మెట్టు వేసి, ఆయన దిగేదాకా చూస్తూ నిలబడతారు. ఎంతసేపైనా నిలబడతారు. జాలర్ల పడవ అప్పుడే నీళ్ళలో ఉంది. మైకులో మా కంపెనీ పేరు రెండోసారి వినబడింది. మేనేజరు గారు ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చి చివరికి యీ-చున్ దగ్గర ఆగారు. ఆమె చూపు దించలేదు. సాయమూ చేయలేదు.

"నాకు కూడా," అన్నారు ఆయన నెమ్మదిగా, "నడుము పట్టింది. ఇందాకే పట్టింది."

"అయ్యయ్యో!" అన్నారు అందరూ ఒక్కసారి. నిజంగానే జాలి పడ్డారు. ఆ-లాన్ అక్క పట్టేసిన చేత్తోనే ఆయన నడుము మీద రెండు చరుపులు చరిచి, పసరు నూనె రాసింది. "డోలు దగ్గర కూర్చోండి సార్, కూర్చునే పని. నడుముకి మంచిది."

ముల్లూ తలతిరుగుడూ జాతకమూ అన్నీ ఒక్క క్షణంలో నయమయ్యాయి. తెడ్లు చేతుల్లోకి వచ్చాయి.

యీ-చున్ చెప్పులు విడిచి మెడ మీదకి పాకింది. కొమ్ము వాటేసుకుంది. వెనకాల మేనేజరు గారు కర్రలు పట్టుకుని బిక్కమొహం వేశారు.

"ఎలా వాయించాలమ్మా?"

"జెండా చూడకండి సార్. నన్నూ చూడకండి. ఆ-లాన్ అక్క తెడ్డు నీళ్ళలో దిగినప్పుడల్లా ఒక్క దెబ్బ. అంతే."

పడవలు వదిలారు. మొదట్లో డోలు ఒక దారి, తెడ్లు ఒక దారి. జాలర్ల పడవ ముందుకు జారిపోయింది. వాళ్ళ తెడ్లు దిగితే చప్పుడు లేదు, లేస్తే చుక్క చిందదు. "తెడ్డు చూడండి సార్, తెడ్డు!" అని యీ-చున్ వెనక్కి తిరక్కుండానే అరిచింది. తర్వాత ఎక్కడో, వంతెన నీడ దాటాక, డోలు కుదిరింది. దెబ్బా తెడ్డూ ఒకటయ్యాయి. కడుపు కింద చెక్క ఒక్కసారి ముందుకు తోసినట్టు ఆమెకు తెలిసింది. ఆ-లాన్ అక్క రొప్పు వినబడుతోంది. ఆ-హో బూతులు తిడుతూ తెడ్డు వేస్తున్నాడు, జాలర్లని కాదు, కాలువని. జాలర్ల డ్రాగన్ మొహం ఆమె కుడి కంటి కొసలోకి వచ్చింది. ఆమె దాన్ని చూడలేదు. ఎదురుగా ఎర్రగా ఓ చుక్క, చుక్క గుడ్డపీలిక అయింది, పీలిక కింద కర్ర, కర్ర కింద గొట్టం.

పక్క పడవలో జెండా పట్టేవాడు, పెద్ద చేతులవాడు, ఆమెకంటే ముందే చాచాడు. ఆమె చాచలేదు. ఇంకొంచెం ఆగింది. చెయ్యి ముందే చాస్తే భుజం బిగుసుకుంటుంది. ఛాతీ మొత్తం డ్రాగన్ నెత్తి దాటి గాలిలోకి వెళ్ళాక, ఇక వెనక్కి రావడానికి దారి లేదనిపించాక, అప్పుడు వేళ్ళు మూసింది. నిలువుగా లాగింది. లాగిన ఊపుకి కొమ్ము మీద ఎడమ చెయ్యి జారి తలకిందులుగా కాలువలో పడింది.

నీళ్ళ కింద చీకటి, బురద, చల్లదనం. పైన ఏదో హోరు. గెలిచారో ఓడారో ఆమెకు తెలియదు. చేతిలో కర్ర ఉంది. ముందు చెయ్యి పైకి వచ్చింది, చేతిలో జెండా, ఆ తర్వాతే తల. రెండు ఒడ్లూ అరుస్తున్నాయి. జాలర్ల పెద్ద చేతులవాడు ఉత్త చెయ్యి చూసుకుని, చూసుకుని, పగలబడి నవ్వుతున్నాడు. ఆ-లాన్ అక్క తెడ్డు చాచి ఆమెను పడవ దగ్గరకు లాగి, తడి జుట్టు పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. మేనేజరు గారు మాత్రం ఎవరూ ఆపమనలేదని డోలు ఇంకా వాయిస్తూనే ఉన్నారు.

బహుమతి పుచ్చుకునేది జెండా పీకిన మనిషే. అది ఆచారం. టెంటు ముందు కప్పు ఎర్ర గుడ్డ మీద పెట్టారు. ఛైర్మన్ గారు లేచి నిలబడ్డారు. గుడి కమిటీ పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, పొద్దున తనకిచ్చిన కార్డు గుండె జేబులోంచి తీసి, మైకులో చదివాడు.

"ఈ ఏడు విజేత, జెండా అందుకున్న వీరుడు, కో షిన్-మింగ్ మేనేజరు గారు!"

చప్పట్లు మొదలై, మధ్యలో తడబడ్డాయి. తెడ్లవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఇక్కడ చేతులు పట్టేయడాలు, ముళ్ళు గుచ్చుకోవడాలు పనికిరావు. మేనేజరు గారు అలవాటు కొద్దీ సగం లేచారు.

యీ-చున్ అప్పటికే నడుస్తోంది. ఉత్త కాళ్ళతో, ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, పిక్కల దాకా బురదతో టెంటు ముందుకి వెళ్ళింది. పెద్దాయన మైకు మీద చెయ్యి మూసి, "అమ్మాయ్, నేను పిలిచింది మేనేజరు గార్నమ్మా," అన్నాడు.

"విన్నాను బాబాయ్. జెండా మాత్రం నా చేతిలో ఉంది."

ఆయన జెండా చూశాడు, కార్డు చూశాడు, మేనేజరు గారి వైపు చూశాడు. ఛైర్మన్ గారు కూడా అటే చూశారు. మేనేజరు గారు నడుము మీద చెయ్యి వేసుకుని సగం లేచినవారు సగంలోనే ఉన్నారు. ఆ మనిషికి ఆ క్షణంలో ఎవరూ మెట్టు వేయలేదు. తనే దిగారు.

"తప్పు నాదండీ," అన్నారు. "పొద్దున నేనే తప్పు చెప్పాను. తొలి పోటీలో జెండా కూడా ఆ అమ్మాయే పీకింది. నా వీపెక్కి పీకింది."

ఛైర్మన్ గారు ఒక్క క్షణం ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూసి, పొట్ట పట్టుకుని నవ్వారు. జర్మన్ ఆయనకి మాటలు అర్థం కాకపోయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. పెద్దాయన కార్డు జేబులో పెట్టేసి, ఆమె వైపు వంగి పేరు అడిగి, మైకు మీద చెయ్యి తీశాడు.

"జెండా అందుకున్నవారు... జియెన్ యీ-చున్!"

ఆమె కప్పు ముట్టుకోలేదు. ఒకసారి వెనక్కి తిరిగి కాలువకేసి చూసింది.

"ఇంకొంచెం గట్టిగా పిలవండి బాబాయ్," అంది. "అవతలి ఒడ్డుకి వినబడలేదు."

పెద్దాయన గొంతు సవరించుకుని, మళ్ళీ పిలిచాడు.